నాన్న గాలి తీసేసిన సీసాలు

నాకు రీసెర్చ్ సీటు వచ్చింది! ముందు ఈ మాట చెప్పేయాలి, లేకపోతే మిగతాది చెప్పలేను. మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటిదాన్ని నేనే. ఇప్పుడు చెరువుల అడుగున పేరుకున్న బురద మీద పరిశోధన చేయబోతున్నాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కనిపించినవాళ్లందరికీ చెప్పేశాను. ఇంత సంతోషంలోనూ మా నాన్న మీద కోపం మాత్రం తగ్గలేదు.

చెరువు అడుగున బురద పొరలు పొరలుగా ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ పాతది. ఏ కాలంలో వానలు పడ్డాయో, ఎప్పుడు చెరువు ఎండిందో ఆ పొరలు చెబుతాయి. అందులో బతికే సూక్ష్మజీవులు మీథేన్ గ్యాస్ తయారుచేస్తాయి. ఏ పొరలో ఎంత గ్యాస్ ఉందో సొంతంగా కొలిచి చూపిస్తేనే సీటు అని మా కాలేజీ మేడం చెప్పింది. కొలిచే మెషీన్ వేరే ఊళ్లో ఉంది, రైల్లో పోవాలి. దాని మీద నాకు దొరికింది ఒక్కరోజు. అది తప్పితే సీటు ఇంకొకరికి పోతుంది.

తఖత్‌పూర్ వైపు ఒక పాత చెరువు నడుమ, పడవ మీంచి పొడుగాటి గొట్టం దించి బురద తీశాం. అక్కడికక్కడే సీసాల్లో వేసి, రబ్బరు బిరడా పెట్టి, పైన అల్యూమినియం మూత నొక్కేశాం. సీసాలు తలకిందులుగా ఉంచాలి. అప్పుడు బురదలోని నీరు బిరడాకు అడ్డంగా నిలిచి గ్యాస్ పోనివ్వదు. కిరాణా కొట్టు అట్టపెట్టెలో అలాగే సర్ది క్వార్టర్‌కి తెచ్చాను.

"నాన్నా, ఇవన్నీ గ్యాస్ సీసాలు. ముట్టుకోకు," అని మరీ చెప్పాను.

మా నాన్న ఉద్యోగమంతా రైల్వే పార్సిల్ ఆఫీసులో. రిటైరైనా ఆయన ఇంకా డ్యూటీ దిగలేదు. మర్నాడు పొద్దున నేను బజారుకెళ్లి వచ్చేసరికి వరండా అంతా కుళ్లు వాసన. నాన్న కటింగ్ ప్లయర్ పట్టుకుని కూర్చున్నాడు. మూతలన్నీ పళ్లెంలో ఉన్నాయి. సీసాలు పెట్టె మీద బాణం చూపించే వైపుకు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"ఏటి చేసినావు నాన్నా?"

"గ్యాస్ ఒగ్గీసేను. బురద సుక్క కూడా పోలేదు, సూసుకో."

"నాకు కావలసింది గ్యాసే!"

"అచ్ఛా? గ్యాస్ పట్టుకుని పాసింజర్ బోగీ ఎక్కుతావేటే? రైల్వే పోలీసోడు నీ డిగ్రీ సూసి సలాం కొడతాడా? పైగా సీసాలు తల్లకిందులు! బాణం ఎటుందో సూడవా? సదువుకున్నావు గదా!"

"అది సిలిండర్ కాదు! రాత్రి పప్పు తిని నువ్వు వదిలిందానికంటే తక్కువ!"

వంటింట్లో అమ్మ పక్కున నవ్వింది. ఆవిడ మీద కూడా అరిచాను.

మేడంకి ఫోన్ చేశాను. "గ్యాస్ పోయిన సీసాలు తెచ్చి ఏం కొలుస్తావు? గొట్టం నీ దగ్గరే ఉంది కదా. రైలు సాయంత్రమేగా, మళ్లీ తీయి," అని పెట్టేసింది. బస్సుకి వెళితే రైలు టైంకి తిరిగి రాలేను. నాన్న స్కూటర్ తీసి, "ఎక్కు," అన్నాడు. ఎక్కాను. దారిపొడుగునా ఆయన గ్యాస్ పార్సిళ్ల రూల్స్ చెబుతూనే ఉన్నాడు.

పడవ దొరికింది గానీ నడుమకు పోయే టైం లేదు. ఒడ్డు దగ్గరే గొట్టం దించాం. మొదటిసారి నడుమ తీసినప్పుడు నల్ల బురద మధ్య తెల్లటి చార వచ్చింది. చెరువు ఎండిపోయిన కాలానిది అయివుండొచ్చని మేడం అంది. ఆ చార ఈసారి రాలేదు.

మెషీన్ తెర మీద మీథేన్ గీత పైకి లేచినప్పుడు ఎగిరి గంతేశాను. సీటూ ఇచ్చారు. కానీ ఆ తెల్ల చారలో ఎంత గ్యాస్ ఉందో ఎవరికీ తెలియదు. అదంతా మా వరండాలో కలిసిపోయింది. నాన్నేమో కాలనీలో, "నేనే దగ్గరుండి బురద తీయించేను," అని చెప్పుకుంటున్నాడు!

నిన్న అన్నం దగ్గర అడిగాడు. "సీటొచ్చింది గదా, ఇంకా ఏటే ఆ మూతి?"

"ఆ తెల్ల చార మళ్లీ తెచ్చివ్వు."

"ఎక్కడ దొరుకుద్ది?"

"చెరువు నడుమ."

కాసేపు అన్నం కలుపుకున్నాడు. "ఆదివారం పోదుము."

"నువ్వు రావద్దు."

"మరి స్కూటర్ ఎవుడు నడుపుతాడు?"

నాకు స్కూటర్ రాదు. నేర్పమంటే ఇన్నేళ్లూ నేర్పనిది కూడా ఆయనే.