మైకు ముందు ముఖం

కొలతకు లొంగని దేనినీ నేను నమ్మినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లు డ్రాయింగు మాస్టరుగా పనిచేశాను. దెయ్యాల కబుర్లు చెప్పిన పిల్లలను బల్ల ఎక్కించి నిలబెట్టాను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది.

2002లో టెక్కలి కుర్రాళ్ల రాక్ బ్యాండు కాశీబుగ్గలో కచేరీ చేసింది. దానిని జనం చప్పట్లతో సహా రికార్డు చేసి, క్యాసెట్టుగా తేవాలనుకున్నారు. అట్టబొమ్మ నన్ను వేయమన్నారు.

ముందుగా టేపు విన్నాను. తొమ్మిది పాటలు. ఎనిమిదింటికి చప్పట్లు అంతంతమాత్రం. ఆరో పాటకు మాత్రం నలభై సెకన్లు ఆగలేదు. గడియారం పెట్టి చూశాను. అది సముద్రంలో వల లాగేటప్పుడు పాడే పాట. పాడింది బ్యాండు కుర్రాడు కాదు; వజ్రపుకొత్తూరు వైపు మత్స్యకారుడు సింహాద్రి. ఆ ఒక్క పాటకే పిలిచి మైకు ఇచ్చారట. మూడు వారాల తరువాత పడవ బోల్తాపడి అతను చనిపోయాడు. బ్యాండు గాయకుడు కిరణ్ ఆ పాట కూడా తానే పాడినట్లు క్యాసెట్టు మీద రాయించుకున్నాడు. అట్ట మీద మైకు ముందు తన ముఖమే ఉండాలన్నాడు.

ఒక ఉదయం సింహాద్రి తల్లి పోలమ్మ మా ఇంటికి వచ్చింది.

"మేస్టారూ, ఆడి పాటకి ఆడి మొకం ఉండొద్దేటి?"

"ఫొటో తెచ్చావా?"

"నేదు బాబూ. మా ఇంట్లో ఫొటోలేటుంటాయి?"

నా పద్ధతి ఒకటే. ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు అట్ట మీద పెద్దవిగా గీసి, గడికి గడి దించుతాను. ఫొటో లేనిదే ముఖం వేయనన్నాను. నియమం చెప్పాననుకున్నాను, చెప్పింది సాకు.

ఆమె గుమ్మం దిగుతూ అంది: "మీరెయ్యకపోతే ఆడే ఏసుకుంటాడు. సచ్చినా ఇడిసిపెట్టే రకం కాదు మావోడు."

కిరణ్ ముఖం దించాను. కళ్ల మధ్య మూడు గళ్లు, కనుబొమ్మ నుంచి గడ్డానికి ఏడు. ప్రెస్సు పంపిన నమూనా ప్రతిని స్కేలుతో సరిచూసి సంతకం చేశాను. వెంట్రుకవాసి తేడా లేదు.

విడుదల సభ టెక్కలిలో, ఉదయం పదకొండు గంటలకు. అట్టల కట్టను నా ఎదుటే విప్పారు. చొక్కా, గిటారు, మైకు నేను వేసినవే. ముఖం మాత్రం కిరణ్‌ది కాదు. వెడల్పాటి దవడ, ఎడమ కనుబొమ్మను చీల్చిన గాటు. ఆ మనిషిని నేనెన్నడూ చూడలేదు.

డ్రమ్ములు వాయించే కుర్రాడు నవ్వాడు. "ఒరే కిరణూ, ఆ గాటేట్రా? ఎవుడు తన్నాడు నిన్ను?" అంతలోనే నవ్వు ఆగిపోయింది. "ఇది... ఆ సింహాద్రి గదరా?"

"జోకులాపరా! నేనే గదా. బాగొచ్చింది మేస్టారూ," అన్నాడు కిరణ్. అతనికి నిజంగానే తన ముఖం కనిపిస్తోంది.

సభకు వచ్చిన జనంలోంచి పోలమ్మ ముందుకు వచ్చి ఒక అట్ట అందుకుంది. బొటనవేలితో ఆ గాటు తడిమింది. ఏడవలేదు.

"నువ్వెక్కడున్నావు నాయినా ఇందులో?"

కిరణ్ వేలు పెట్టి చూపించాడు.

"అది మావోడు. నువ్వెక్కడ?"

తరువాత సింహాద్రి ఉన్న వాళ్ల ఊరి పెళ్లి ఫొటో ఒకటి సంపాదించి, అతని ముఖాన్ని అట్ట మీది సైజుకు పెంచి, గళ్లు గీసి కొలిచాను. మూడున్నర, ఎనిమిది. అచ్చయిన అట్టల్లోనూ అంతే. నా అసలు బొమ్మలోనూ, అచ్చు కోసం ప్రెస్సు వాళ్లు తీసిన ఫిల్ములోనూ మూడు, ఏడు. ఏ దశలో మారిందో నేటికీ తేల్చలేకపోయాను.

కిరణ్ ఆ తరువాత ఏటా ఆ అట్ట పట్టుకుని వచ్చేవాడు. "కొలవండి మేస్టారూ. నేనే గదా?" కొలిచి, ఉన్న అంకె ఉన్నట్లే చెప్పేవాణ్ణి. జాలిపడి కూడా ఒక్కసారీ మార్చి చెప్పలేదు.

చివరిసారి అట్ట లేకుండా వచ్చాడు. కుర్చీలో కూర్చుని, వెలుతురు వైపు ముఖం తిప్పాడు.

"ఈసారి నన్నే కొలవండి."

స్కేలు నా చేతిలోనే ఉంది. మూడున్నర వస్తుందేమోనని కొలవలేదు.