ఒక చందా, పదకొండు ఫోన్లు

మా జిల్లాలో వాన కోసం ఎదురుచూడటం ఏడాది పొడవునా ఉండే పనే. వానకు భయపడేది మాత్రం ఏడాదిలో పదిహేను రోజులు. వేరుశెనగ, మా మాటలో చెనిక్కాయ, చెట్లు పెరికి చేలో ఆరబెట్టిన రోజులవి. ఏడాదంతా రమ్మని మొక్కిన వానను ఆ పదిహేను రోజులూ రావద్దని మొక్కుతాం. దేవుడికి మా మీద గురి కుదరకపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

ఆ రోజుల్లో మాకు దేవుడికంటే ఫోన్లో వాన సంగతి చెప్పే ఒకాయన ఎక్కువ అవసరం. ఏదో అద్దెగదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఉపగ్రహం బొమ్మలు చూపిస్తూ, "మోడం రాప్తాడు దాటినాదన్నా, ఇంగ గంటలో బుక్కరాయసముద్రం పైకొస్తాది" అని మబ్బును మోడమనే మా మాటలోనే చెప్పేవాడు. నాలుగేళ్లు ఉచితంగా చెప్పాడు. ఉచితం అంటే తగినది అని కూడా అర్థముంది కదా, ఆ ధర మాకు బాగా తగినట్టే ఉండేది.

పోయినేడు ఒకరోజు ముఖం చిన్నబుచ్చుకుని వీడియో పెట్టాడు. "ఏమనుకోవద్దండన్నా. దుడ్లు కట్టకపోతే ఈ కంపెనీవోళ్లు నా వీడియో పది మందికి గూడా సూపించడంల్యా. ఉపగ్రహం బొమ్మలకు నేనూ దుడ్లు కట్టల్ల గదా. ఇంగమీద చందా కట్టినోళ్లకే లైవు."

ఆ పొద్దు మేం రోజూ కూర్చునే టీ హోటల్లో టీలు చల్లారిపోయాయి. "ఏమప్పా, మోడానికి గూడా దుడ్లేనా!" అన్నాడు హోటలాయన, ఇరవై రూపాయల నీళ్ల సీసా ఒకరి చేతిలో పెడుతూ.

దారి చూపింది నేనే. ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ని, ఉపాయాలకు కొదవా? ఆ హోటల్‌కు వచ్చే పేపరు ఒకటే. ఒకరికి జిల్లా పేజీ, ఒకరికి ఆటల పేజీ, ఆలస్యంగా వచ్చినవాడికి పెళ్లిసంబంధాల ప్రకటనలు. అందరం చదువుతాం, కొనేది ఒక్కడే. "ఇదీ అట్లనే" అన్నాను. నా నంబరు మీద ఒక్క చందా కట్టి, పాస్‌వర్డు మరో పది మందికి పంచాను. చందా ఒకటి, చందాదారులు పదకొండు మంది. కొన్ని నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. వానే లేనప్పుడు వాన ఎవరు చూస్తారు?

మా అక్క పామిడి దగ్గర ఆరెకరాలు గుత్తకు తీసుకుని చెనిక్కాయ వేసింది. బావ పోయాక సొంతంగా చేసిన మొదటి పంట. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆమెకు లైవు నేనే.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఫోన్ చేసింది.

"ఏమిరా, దక్షిణంగా మోడం కమ్ముకుంటాండాది. కూలోళ్లు ఆరు మంది ఉండారు, నాలుగ్గంటలకు పోతామంటాండారు. వామేయల్లా, వద్దా?"

చెట్లు పెరికి రెండు రోజులే అయింది. పచ్చిమీద కుప్ప పోసి వామి వేస్తే లోపల వేడెక్కి కాయకు బూజు పడుతుంది. వేయకుండా వాన కొడితే కాయ నల్లబడుతుంది, పశువులకు వేసే కట్టె కుళ్లుతుంది. ఎటు తప్పినా పోయేది ఆమె పంటే.

"ఒక్క నిమిషం అక్కా, చూసి చెప్తా."

లైవు తెరిచాను. ఈ ఖాతాను చాలా ఫోన్లలో వాడుతున్నారు, మళ్లీ లాగిన్ కమ్మంది. ఓటీపీ వచ్చింది. దాన్ని కొడుతుండగానే ఇంకొకటి, అది చదివేలోపు మరొకటి. అదే మోడాన్ని చూసి పదిమందీ ఒక్కసారే తెరిచారన్నమాట. ఓటీపీ వచ్చేది నా నంబరుకే కాబట్టి వరసగా నాకే ఫోన్లు.

"అన్నా, ఓటీపీ చెప్పు బిరీన!"

"మామా, వానికి చెప్పినావంటనే, మేము కానివాళ్లమా?"

ఒకరికి చెప్పిన అంకెలు ఇంకొకరు అడిగేసరికి చెల్లకుండా పోతున్నాయి. 'ఎవరూ ముట్టుకోవద్దు, నేను చూసి చెప్తా' అని మా పదకొండు మంది వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ దండం పెట్టే బొమ్మలు పంపి, మళ్లీ ముట్టుకున్నారు. చివరికి ఖాతాకు తాళం పడింది. ఒక రోజు ఆగమంది. మా ఆవిడ నంబరు మీద కొత్త చందా కడదామంటే బ్యాంకు సర్వరు గిరగిర తిరుగుతోంది తప్ప డబ్బు తీసుకోవడం లేదు.

నాలుగింటికి పది నిమిషాలు ఉండగా అక్క మళ్లీ చేసింది.

"చూసినావా?"

బయట మా వీధిలో ఎండ కాస్తోంది. పాస్‌వర్డు పంచానని, పేపరు పేజీల్లా తలా ఇంత వాడుకున్నామని, ఇప్పుడు నా చందా నాకే తెరుచుకోవడం లేదని చెప్పాలి.

"చూసినా అక్కా. వాన రాదంట. మోడం పక్కకు పోతాదంట."

ఆ 'అంట'లో అన్నవాడు ఎవడూ లేడు. ఉన్నది నేనొక్కడినే.

"సరే, కూలోళ్లను పొమ్మంటా" అంది.

కొంచెంసేపటికి కిటికీ రెక్క టపటప కొట్టుకుంది. దక్షిణపు గాలి. దాంట్లో తడి వాసన. మా ఆవిడ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

"చూడలేదని చెప్పేదానికి ఏం అడ్డమొచ్చింది నీకు?" అంది.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ. నాలుగోసారి ఎత్తింది.

"అక్కా, నేను చూడలేదు. నా ఫోన్లో తెరుచుకోల్యా. వాన వచ్చేదీ రానిదీ నాకు తెలీదు."

అవతల గాలి హోరు ఫోన్లోకి కొడుతోంది.

"ఇప్పుడా చెప్పేది? వాళ్లు ఆటో ఎక్కినారు గదరా!"

ఫోను కట్ చేయకుండానే పరుగెత్తింది. చెప్పుల చప్పుడు, ఆయాసం, "ఓ అన్నా, నిలుపప్పా ఆటో!" అన్న కేక. ఇంకో కేక. ఆటో చప్పుడు దూరమై, చిన్నదై, లేకుండా పోయింది.

స్కూటర్ తీశాను. పామిడి ఇంకా చాలా దూరం ఉండగానే మొదటి చినుకులు ముఖానికి రాళ్లలా తగిలాయి. చేను చేరేసరికి అక్కా, పక్కచేను ఆడమనిషీ కలిసి రెండెకరాల చెట్లు ఒకచోటికి చేర్చి టార్పాలిన్ పట్ట కప్పుతున్నారు. పట్ట నాలుగో మూల నేను పట్టుకున్నాను. మిగిలిన నాలుగెకరాలు మా కళ్లముందే తడిసిపోయాయి. అక్క పట్ట అంచుల మీద రాళ్లు పెట్టుకుంటూ పోయింది.

మరుసటి రోజు పొద్దున తడిసిన చెట్లను కాయలు పైకి వచ్చేలా ఒక్కొక్క కట్టా తిరగేస్తున్నాం. గట్టుమీద పోతున్న పెద్దాయన ఒకరు ఆగి చేనంతా చూశాడు.

"ఏమమ్మా, ఇంత నానబెట్టుకుంటివే. మీ తమ్మునికి ఫోన్లో అన్నీ తెలుస్తాయంటివి గదా, ముందే చెప్పలేదా ఏమి?"



"చెప్పినాడు మామా" అంది అక్క, వంగిన నడుము ఎత్తకుండానే. "నాకే కూలోళ్లు దొరకల్యా."

ఆయన నాలుక చప్పరించి వెళ్లిపోయాడు. నేను తల ఎత్తకుండా ఇంకో కట్ట తిరగేశాను. దాని కింద మట్టి ఇంకా నీళ్లు కక్కుతోంది.