గంజి వరుసలో కొంగు చాటున

నిన్న మా మనవరాలు ఫోనులో కరువు మీద ఒక డాక్యుమెంటరీ చూపించింది. తెల్లదొరల కాలంలో మా కోసిగి వైపు తీసిన బొమ్మలవి. గంజి కోసం నిలబడ్డ ఆడవాళ్లంతా మొహాల మీద కొంగు కప్పుకుని ఉన్నారు. అది ఇక్కడి ఆచారమని ఒక గొంతు చెప్పింది. ఇక చూసే ఓపిక లేక ఆపేయమన్నాను.

నా ఈడువాళ్లారా, ఆచారమా అది? చిన్నప్పుడు సత్తుగిన్నె పట్టుకుని అమ్మ పక్కన నేనూ అలాంటి వరుసలో నిలబడ్డాను. ఉడికే జొన్నల వాసన రాగానే గిన్నె ముందుకు చాపేదాన్ని. ఒకరోజు బొమ్మలు తీసే దొర ఒకడు వచ్చాడు. అతని కెమెరా మా వైపు తిరగగానే అమ్మ కొంగు లాగి నా మొహం కూడా కప్పేసింది.

"ఊపిరి ఆడల్యామ్మా," అన్నాను.

"ఓర్చుకోమ్మే. ఈ బొమ్మ యాడికి పోతాదో, గంజికి నిలబడినామని ఎవురెవురు చూస్తారో!"

కెమెరా ఎంతకీ కదల్లేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని వరుసలోంచి వచ్చేసింది. ఆ పూట ఇద్దరం నీళ్లే తాగాం.