మందులు కాని బిళ్లలు

మా మెడికల్ షాపు ముందు చేపలమ్మే మంగమ్మ పిన్నికి కాళ్లు వాచిపోతే ఇవాళ నేనే బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. రిపోర్టు చూసి, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు డాక్టరు గారు.

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

"ఏమీ లేవండీ."

ఆధార్ కార్డు కోసం పిన్ని సంచి తెరిస్తే బిళ్లల స్ట్రిప్పు కింద పడింది.

"మరి ఇవేంటి?"

"అయ్యో, అవి మందులు కాదండీ, ఒళ్లు నొప్పుల బిళ్లలు. రోజూ గంప ఎత్తే ముందు ఒకటేసుకుంటా. ఈ బాబు కొట్లోవే" అని గర్వంగా నన్ను చూపించింది.

ఏళ్ల తరబడి డాక్టరు చీటీ అడక్కుండా ఇచ్చింది నేనే. రోజూ వేసుకుంటే కిడ్నీలు పాడవుతాయని ఒక్కసారీ చెప్పలేదు.

మీ ఇంట్లో ఎవరైనా మందులేమీ వాడట్లేదంటే వాళ్ల సంచి చూడండి. బిళ్లలు దొరికితే, అమ్మిన నాలాంటివాణ్ణి నిలదీసి కడిగేయండి. పిన్ని మాత్రం నన్ను ఒక్క మాట కూడా అనలేదు.