ఎడమ చేతి ఏడాది

వనపర్తిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి ఎస్తేరు ఆటలు నేర్పే పీడీగా వచ్చి పద్నాలుగేళ్లయింది. కోడేరు దగ్గరి పల్లె ఆమెది. అమ్మానాన్నలు మట్టిపనికి పుణె దిక్కు పోతే, తను హాస్టల్లో ఉండి చదువుకుంది. బాస్కెట్‌బాల్ చేతబట్టిందీ అక్కడే. నేర్పినవాళ్లు మాత్రం ఆమెను ఎప్పుడూ ఒక మూలకే నిలబెట్టారు. బాల్ అందితే పక్కపిల్లకు ఇవ్వడం, అంతే. యూనివర్సిటీ సెలక్షన్‌లో ఇంకేం వచ్చని అడిగితే మళ్లీ బాల్ పక్కపిల్లకే ఇచ్చి చూపింది. ఆ అవమానం చాలా ఏళ్లు మనసులోంచి పోలేదు. తన చేతికిందికి వచ్చిన ఏ పిల్లకూ అట్లా కాకూడదనుకుంది.

నాలుగేళ్ల కింద గద్వాల దిక్కు నుంచి జములమ్మ అనే పిల్ల వచ్చి చేరింది. ఆరడుగులకు అంగుళం తక్కువ. ఈమెను బుట్ట కింద నిలబెడితే కప్పు మనదేనని చూసినవాళ్లంతా అన్నారు. ఎస్తేరు కంటికి ఆనింది వేరు. ఆ పిల్ల మెడ వంచి, భుజాలు ముడుచుకుని నడుస్తుంది. ఊళ్లో అందరూ పొడుగని నవ్వుతుంటే ఆ నడక అలవాటైపోయింది.

మొదటి నెలంతా ఆమెతో బుట్టలోకి బాల్ వేయించనే లేదు. తల ఎత్తి, ఎడమ చేత్తో బాల్ కొట్టుకుంటూ కోర్టు ఆ చివర దాకా పోయి రావాలి. బాల్ కాలికి తగిలి ఎటో పోయేది. తోటిపిల్లలు నవ్వితే ఎస్తేరు వాళ్లతోనూ ఎడమ చేత్తోనే కొట్టించింది. నవ్వులు ఆగాయి.

ఆ ఏడు కాలేజీల పోటీల్లో బాల్ నడిపే పని జములమ్మకే ఇచ్చింది. సెమీఫైనల్లో ఆ పిల్ల తొమ్మిదిసార్లు బాల్ పోగొట్టింది. నాలుగు పాయింట్లతో ఓడిపోయారు. ప్రిన్సిపాల్ రామచంద్రయ్య పిలిపించి, అంత పొడుగు పిల్లను పెట్టుకుని ఇదేం ఆటని అడిగాడు.

"కప్పు మల్లొచ్చే ఏడన్న వస్తది సార్. ఈ పిల్ల చెయ్యి ఇప్పుడు తిరగకపోతే ఇగ తిరగదు" అంది ఎస్తేరు.

 ఆయన, కోర్టులో బుట్ట బిగించడానికి కొత్త బోర్డు కావాలని ఆమె ఎప్పుడో పెట్టిన కాగితం వెతికి తీసి సంతకం చేశాడు.

అయినా ఎస్తేరుకు మనసు కుదురుగా లేదు. పోటీల నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల ఏడ్చింది మరి. తెల్లారి పోయి చూస్తే, తనకంటే ముందే జములమ్మ కోర్టులో ఉంది.

"మేడం, తొమ్మిదిట్ల ఏడుసార్లు నేను కిందికి చూసిన" అంది.

తన తప్పు తనే లెక్కబెట్టుకున్న పిల్లకు ఇంక చెప్పేదేముంది? ఎస్తేరు బాల్ అందుకుని ఎదురుగా నిలబడింది.

మరుసటేడు ఫైనల్ దాకా పోయి మళ్లీ ఓడారు. మూడో ఏడు జములమ్మ యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. ఆ జట్టు ఆట చూడడానికి వాళ్లమ్మ నర్సమ్మ కూలి మానుకుని వచ్చింది. ఆట అయిపోయినాక ఎస్తేరు చేయి పట్టుకుని, "మా పిల్ల గింత ఎత్తున్నదని నాకు ఇయ్యాలనే తెలిసింది మేడం" అంది.

జములమ్మ ఇప్పుడు ఆటల టీచరు కావడానికి బీపీఎడ్ చేస్తోంది. సెలవులకు వచ్చి జూనియర్లను చూసుకుంటుంది. ఈ ఏడు బిజినేపల్లి నుంచి అర్చన అనే పొట్టిపిల్ల వచ్చింది. ఎంత దూరం నుంచైనా బుట్టలోకి విసురుతుంది గానీ పక్కవాళ్లకు బాల్ ఇవ్వదు. ముందు ఇవ్వడం నేర్పాలని జములమ్మ అంటోంది. ఇవ్వడమొక్కటే నేర్చి తను ఏమైందో మరవని ఎస్తేరు, ఓ నెల విసరనీ, చూద్దామంటోంది. మెట్ల మీద కూర్చుని ఇద్దరూ అరగంట నుంచీ వాదించుకుంటున్నారు.