దొరగారి పడక

పరుపులక్కకి కోపం తెప్పించాలంటే ఒకటే దారి. ఆమె కుట్టిన పరుపు మీద కూర్చుని "కాస్త గట్టిగా ఉందేమోనండీ" అనాలి. అన్నవాడు ఎంత పెద్దమనిషైనా సరే, అక్కడికక్కడే కుట్టు విప్పి, గుప్పెడు దూది తీసి అతని చేతిలో పెట్టి, "ఇది గట్టిగా ఉందా? నొక్కి చూడండి, మొహమాటపడకండి" అనేది. ముప్ఫై ఏళ్లలో ఆ మాట అన్న ధీరులు నలుగురే. నలుగురూ నోరు మూసుకుని ఆ పరుపులే మోసుకెళ్లారు.

ఆమె ఇల్లూ కొట్టూ ఒకటే. వీధివైపు గదిలో బేరాలు, కొలతలు, కుట్టుపని. దాని వెనక గదిలో దూది ఏకే యంత్రం. ఆ వెనక వంటిల్లు, పక్కన పడకగది. జనం గడ్డకట్టిపోయిన పాత పరుపులు తెచ్చి పడేస్తే, వాటిని విప్పి, దూదిని యంత్రంలో ఏకి, కొత్త గుడ్డలో నింపి, కర్రతో కొట్టి సర్ది, జానెడు దబ్బనంతో కుట్లు వేసేది. సాయంత్రానికి ఆమె కనురెప్పల మీద కూడా దూది ఉండేది.

ఇది తండ్రి నుంచి వచ్చిన పని. పనితోపాటు ఒక నియమం కూడా వచ్చింది: ఆ ఇంటి గడప లోపల ఏ ప్రాణీ ఒట్టి నేల మీద పడుకోకూడదు. గోడకి సున్నం వేయడానికి వచ్చినవాళ్లు మధ్యాహ్నం ఓ పావుగంట నడుం వాలుస్తామన్నా సరే, ఆ తండ్రి పరుపు పరిచేవాడు. ఇద్దరు కూతుళ్లకీ అది పాలతోపాటు పట్టిన పాఠం. పెద్దమ్మాయి పరుపులక్క అయింది. చిన్నమ్మాయి బస్సు డిపోలో టికెట్లిచ్చే ఉద్యోగం చూసుకుని ఊరికి ఆ చివర కాపురం పెట్టింది. అయినా అక్క ముందు నేల మీద కూర్చోవడానికి కూడా ఆమె జంకేది.

ఇక దొరగారి సంగతి. ఆయన ఒక డబుల్ పరుపు వెంట వచ్చారు. ఒకాయన పరుపు ఏకించడానికి వస్తూ ఒక పగ్ కుక్కని కూడా తెచ్చి, "ఇల్లు మారుతున్నామండీ, ఒక్క వారం మీ దగ్గర ఉంచండి" అన్నాడు. వారం తర్వాత పరుపు కోసం వచ్చాడు. కుక్కని తర్వాత తీసుకెళ్తానన్నాడు. ఆ తర్వాత అనేది ఇంతవరకూ రాలేదు. అలాంటివాడికి అంత మంచి పరుపు ఎందుకు కుట్టానా అని పరుపులక్క ఇప్పటికీ తిట్టుకుంటుంది. తిట్టుకుంటూనే దొరగారి తల నిమురుతుంది.

మొహం తలుపుకి గుద్దుకున్నట్టు చదునుగా, ముక్కు మీద మూడు ముడతలు, బయటికి పొడుచుకొచ్చిన గుండ్రటి కళ్లు. నడిస్తే గురక, పడుకుంటే అంతకన్నా పెద్ద గురక. వచ్చిన రోజే అమ్మకానికి పెట్టిన ఏడు పరుపుల దొంతర మీదికెక్కి, వచ్చేపోయేవాళ్లని చిన్నచూపు చూస్తూ కూర్చున్నారు. దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది. భర్త పోయి తొమ్మిదేళ్లయిన మనిషి, పిల్లలు లేని మనిషి, రోజంతా మాట్లాడేది దొరగారితోనే. ఆయన గురకతో జవాబిచ్చేవారు. కొందరు భర్తల కన్నా అదే నయమని ఆమె అభిప్రాయం.

రెండో ఏడు దురద మొదలైంది. దొరగారు పాదాలు నాకినవి నాకినట్టే ఉండేవారు. చెవులు టపటపా విదిలించేవారు, మొహం గోడకేసి రాసేవారు. పొట్ట కింద ఎర్రగా దద్దుర్లు, ముక్కు ముడతల్లో చెమ్మ, అదో రకం వాసన. పరుపులక్కకి తల ప్రాణం తోకకి వచ్చింది. పాపం కింద ఒత్తుకుంటోందేమోనని ఆయన పడక మందం పెంచింది. పాత పరుపుల్లోంచి ఏరి ఏకిన దూదికి ఉన్న మెత్తదనం కొత్త దూదికి రాదని ఆమె నమ్మకం. అందుకే ఆయనకి అంతా పాత దూదే నింపింది. గోకుడు పెరిగినకొద్దీ ఇంకో పొర వేసింది. మూడో ఏటికి దొరగారి పడక మోకాలెత్తు అయింది. దురద కూడా అదే లెక్కన పెరిగింది.

పశువుల డాక్టరు కుర్రవాడే గానీ ఓపిక ఉన్నవాడు. ఒంటి మీద పురుగు లేదని దువ్వి మరీ చూశాడు. తిండి పడటం లేదేమోనని ఎనిమిది వారాలు ఒకే రకం తిండి పెట్టమన్నాడు. పరుపులక్క బిస్కెట్ ముక్క కూడా రాలనివ్వకుండా కళ్లలో వత్తులు వేసుకుని కాపలా కాసింది. తేడా లేదు. రోజూ పొద్దున్నే ముక్కు ముడతలు తడిగుడ్డతో తుడిచి, లోపల చెమ్మ లేకుండా ఆరబెట్టేది. దాంతో వాసన తగ్గింది, దురద తగ్గలేదు. మాత్రలు వేసినన్నాళ్లు బాగుండేది, ఆపితే మళ్లీ మొదటికొచ్చేది.

అలా ఉండగా పరుపులక్కకి కంట్లో శుక్లం ముదిరి ఆపరేషన్ చేశారు. నెల రోజులు దూది దుమ్ము, కుక్క బొచ్చు దగ్గరికి రాకూడదన్నారు. చెల్లెలు వచ్చి దొరగారిని తీసుకెళ్లింది. వెంట ఆయన పడక, గిన్నె, సబ్బు, అక్క చెప్పిన ముప్ఫై జాగ్రత్తలు కూడా వెళ్లాయి.

నెల తర్వాత తిరిగొచ్చిన దొరగారిని చూసి పరుపులక్క నోరు తెరిచేసింది. పొట్ట తెల్లగా ఉంది. చెవుల మీద కొత్త బొచ్చు మొలిచింది. పాదాలు నాకడం లేదు. ఆమె ఒక కంట ఆనందం, ఒక కంట అసూయ. ఆపరేషనైన కన్ను ఏదో మాత్రం అడక్కండి.

"ఏం పెట్టావే వీడికి?"

"నువ్విచ్చిందే అక్కా."

"స్నానం?"

"నీ సబ్బుతోనే."

"మరి పడక?"

చెల్లెలు నోట్లో నువ్వుగింజ నానని మనిషి. ఆ రోజెందుకో నీళ్లు నమిలింది. "నీ పరుపు మీదే అక్కా. రాజాలా పడుకునేవాడు" అని చెప్పులు వేసుకుంది.

రెండు వారాలు తిరిగేసరికి దొరగారి పొట్ట మళ్లీ ఎర్రబడింది. డాక్టరు అంతా విని, "పాత దూదిలో కంటికి కనబడని పురుగులుంటాయమ్మా, చాలా కుక్కలకి అవి పడవు. ఆ పడక తీసేసి చూద్దాం" అన్నాడు.

పరుపులక్కకి ఒళ్లు మండింది. "ఆ పరుపు మీదే మా చెల్లెలింట్లో నెల రోజులు పడుకున్నాడండీ. మరి అప్పుడు రాలేదే దురద?"

డాక్టరు మాత్రల చీటీ రాయడం ఆపాడు. "అయితే పరుపు కాదన్నమాట. మీ ఇంట్లోనే, మీ కొట్లోనే ఇంకేదో ఉంది. అదేదో తేలేలోపు చర్మం దళసరెక్కిపోతుంది. ఏళ్ల తరబడి ఈ మాత్రలు వాడటమూ మంచిది కాదు. మీ చెల్లెలుగారింట్లో బాగుంటున్నాడు కదా, అక్కడే ఉంచేయండమ్మా" అన్నాడు మెల్లగా.

వాదించి గెలవడం అంటే ఇదీ. పరుపు నెగ్గింది, కుక్క పోయింది.

వారం రోజులు పరుపులక్క ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. దొరగారు గోక్కుంటున్న ప్రతిసారీ తన మీద తనకే కోపం వచ్చేది. వాడి బాగు కన్నా నా తోడు ముఖ్యమా అని చివరికి గుండె రాయి చేసుకుని చెల్లెలికి ఫోన్ చేసింది. "ఆదివారం వచ్చి తీసుకెళ్లవే" అంది. అవతల చెల్లెలు "సరే అక్కా" అనడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం చెల్లెలు వచ్చేసరికి గుమ్మం పక్కన గిన్నె, సబ్బు, మందుల సంచీ సర్ది ఉన్నాయి. వాటి పక్కన సరికొత్త పరుపు. అంచులకి నీలం గుడ్డ పట్టీ, మధ్యలో వరసగా కుట్లు. పరుపులక్క కళ్లు వాచి ఉన్నాయి. అడక్కముందే "కంటి చుక్కల వల్లలే" అంది.

చెల్లెలు ఆ పరుపు వంక చూసింది, దొరగారి వంక చూసింది. "అక్కా, ఈ పరుపు వద్దు" అంది.

"ఏం, గట్టిగా ఉందా?"

"అది కాదక్కా. వాడు దాని మీద పడుకోడు. ఆ నెలంతా ఒక్కపూట కూడా పడుకోలేదు."

"మరెక్కడ పడుకున్నాడు?"

"వంటింట్లో, బండల మీద. చల్లగా ఉంటుందని వాడే వెళ్లి పడుకునేవాడు. ఎత్తి పరుపు మీద పెడితే దిగిపోయేవాడు. రెండు రోజులు చూసి, పరుపు మూటగట్టి వసారాలో పెట్టేశాను. నీకు చెబితే చంపేస్తావని..."

"ఒట్టి బండల మీదా!" పరుపులక్క అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "పరుపులు కుట్టే ఇంట్లో పుట్టి, నోరులేని ప్రాణిని బండల మీద పడేశావా? నాన్న బతికుంటే నిన్ను గడప తొక్కనిచ్చేవాడా? నెల రోజులు ఒక్కపూట కూడా పరుపు మీద..."

అక్కడ ఆగిపోయింది. ఎదురింటివాళ్లు కూడా ఇంకాస్త ముందుకి వంగారు.

"ఏమన్నావు? ఒక్కపూట కూడానా?"

"ఒట్టు."

"ఒసే పిచ్చిమొహమా!" అని చెల్లెల్ని రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. అది తిట్టో ముద్దో చెల్లెలికి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుపు తన్నుకొచ్చింది.

"డాక్టరు అక్కడే ఉంచమన్నాడని నువ్వు చెప్పినప్పుడే చెప్పాల్సిందక్కా. కానీ వాడు నాకు దక్కుతాడు కదా అని నోరు మూసుకున్నాను."

ఆ మాటకి పరుపులక్క కోప్పడలేదు. కోప్పడే తీరిక లేదు. రెండేళ్లుగా తన చేత్తో తనే ఏరి, ఏకి, నింపి, దొరగారి కింద దురదని పొరలు పొరలుగా పరిచింది. అదీ ఎంతో ప్రేమగా పరిచింది. కుట్టిన పరుపు మీదే కూలబడి కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, డాక్టరుకి ఫోన్ చేసింది.

డాక్టరు ముందు నవ్వాడు, తర్వాత పని చెప్పాడు. ఆరు వారాలు పరుపు తగలకూడదు. యంత్రం గది తలుపు ఎప్పుడూ మూసుండాలి. ఆమె పని ముగించి, ఒళ్లు కడుక్కుని బట్టలు మార్చుకున్నాకే వాణ్ని ముట్టుకోవాలి. వారానికోసారి మందు షాంపూ పట్టించి పది నిమిషాలు నానబెట్టాలి. ముడతలు తుడవడం మామూలే. "అప్పటికీ తగ్గకపోతే మాత్రం పంపించెయ్యాల్సిందేనమ్మా. తగ్గినా పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. అన్నట్టు మీరు దేని మీద పడుకుంటారు?"

"నా పరుపు మీద."

"వాడు మీ దగ్గరికి రాడా?"

తెల్లారేసరికి దొరగారు ఆమె కాళ్ల దగ్గర చుట్టుకుని ఉండని రోజు లేదు. ఊళ్లో అంత మెత్తటి పరుపు ఇంకోటి లేదు, రాక ఏం చేస్తాడని ఆమె గర్వం కూడా. ఫోన్ పెట్టేసి ఒక నిమిషం ఆ పరుపు వంక చూసింది. రెండో నిమిషంలో అక్కాచెల్లెళ్లిద్దరూ దాన్ని చెరో కొస పట్టుకుని కొట్లోకి ఈడ్చారు.

ఆ ఆరు వారాలూ వీధికి మంచి కాలక్షేపం. పరుపులక్క రోజుకి రెండుసార్లు స్నానం చేసేది, మూడుసార్లు చీర మార్చేది. దొరగారు పరుపుల గదిలోకి రాకుండా అడ్డుపలక పెడితే, దానవతల అరుగు మీద కూర్చుని ఆమె మీద అలిగేవారు. ఆమె నడుం పట్టేసి వంగి నడుస్తుంటే, "పరుపు కొనుక్కోకూడదా అక్కా? ఎదురుగా కొట్టుంది" అని ఎదురింటాయన ఎకసెక్కాలాడేవాడు. మూడో వారం ఓ పాదం మళ్లీ ఎర్రబడితే పుట్టి మునిగిందనుకుంది. చెల్లెలికి ఫోన్ చేయబోయి, చేయి రాక మానేసింది. ఐదో వారం ఎడమ చెవి మీద నూగులాంటి బొచ్చు కనబడింది. వీధిలో కనిపించిన ప్రతివాళ్లనీ ఆపి ఆ చెవి చూపించింది.

ఆరో ఆదివారం చెల్లెలు వచ్చింది. దొరగారిని వెల్లకిలా తిప్పి పొట్ట చూసింది, వేళ్ల సందులు చూసింది. చూసేకొద్దీ ఆమె మొహంలో సంతోషమూ, దాని వెనకే చిన్న దిగులూ.

"అయితే నేను తీసుకెళ్లేది లేదన్నమాట."

"లేదు" అంది పరుపులక్క. తర్వాత, "నువ్వే ఆదివారాలు రావే. స్నానానికి ఇంకో రెండు చేతులు కావాలి" అంది.

ఆ రోజు ఇద్దరూ కలిసి షాంపూ పట్టించి, పది నిమిషాలు దొరగారి చేత తిట్లలాంటి గురకలు తిని, భోజనాలు చేసి, పడకగదిలో నేల మీద పక్కపక్కన నడుం వాల్చారు. అవతల కొట్లో ఇరవై పరుపులున్నాయి. వంటింట్లో చల్లటి బండ మీద దొరగారు హాయిగా పడుకుని ఉన్నారు. కాసేపటికి గోళ్లు టకటకమని చప్పుడైంది. ఆయన నిద్రమొహంతో గుమ్మం దాటి వచ్చి, గది మధ్యలో ఒక్క క్షణం నిలబడి, పరుపులక్క వీపుకి వీపు ఆనించి దబ్బున పడ్డారు.

చెల్లెలు మోచేతి మీద లేచి చూసింది. "అక్కడ చల్లగా ఉంటే ఇక్కడికెందుకొచ్చాడు? ఇప్పుడిక్కడ పరుపు కూడా లేదు కదక్కా?"

వీపుకి తగులుతున్న ఆ గురక వెచ్చగా పైకీ కిందికీ ఊగుతోంది. పరుపులక్క కళ్లు తెరవలేదు.

"నోర్ముయ్యవే, వాడు లేస్తాడు" అంది.