గడియారం పక్కన చిన్న ‘అ’

ఓనరాంటీ పోయారన్న కబురు వచ్చేసరికి నా చెవుల్లో హెడ్‌ఫోన్ ఉంది. బేగంపేట ఆఫీసులో కూర్చుని, కొత్తగా చేరిన పిల్లలు టైపు చేసిన ఫైళ్ళు సరిచూస్తున్నాను. ఎక్కడో అమెరికాలో ఒక డాక్టరు ఎవరి గుండె గురించో గబగబా చెప్పుకుపోతున్నాడు. ఫోన్ తీస్తే ఆంటీ కూతురు. “అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగింది, మంచిగనే మాట్లాడింది, జెర పండుకుంట అన్నది. గంతే.” నా కాలు మాత్రం, ఆ మాటల్ని ఆపే, నడిపే పెడల్ మీద అలాగే ఉండిపోయింది. ఇంకో చెవిలో డాక్టరు మాట్లాడుతూనే ఉన్నాడు.

ఆ పెడల్ మీద ఈరోజుకీ నా కాలు ఉందంటే అది ఆమె చలవే. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె చిలకలగూడలో మేమున్న ఇంటి ఓనరు. రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. అద్దెకున్న మేమే కాదు, వీధి వీధంతా ఆమెను ఓనరాంటీ అనే పిలిచేది. సొంత ఇంట్లో ఉండే ఎదురింటి అంకుల్ కూడా అలాగే పిలిచేవారు. ఆమె గురించి ముఖం వేలాడేసుకుని రాయడం నా వల్ల కాదు. ఆమెను తలుచుకుంటే ఏడుపు వచ్చే మాట నిజమే కానీ, దాని వెనకాలే హుషారు తన్నుకొస్తుంది. ఆమె మనిషే అలాంటిది మరి.

నేను బొబ్బిలి నుంచి వచ్చి గది కోసం తిరిగిన రోజుల్లో ఊరంతా కంప్యూటర్ కోర్సుల మయం. ఏ గేటు చూసినా ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న అట్ట వేలాడేది. ఒక ఇంట్లో పెళ్ళికాని పిల్లకు ఇవ్వమన్నారు. ఇంకో ఇంట్లో ఆంధ్రా వాళ్ళకు ఇవ్వమన్నారు. మూడో ఇంట్లో కారణం కూడా చెప్పలేదు. ఓనరాంటీ గేటు దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్ళు మండిపోయి ఉంది. ఆమె నోరు తెరవకముందే అందుకున్నాను. “నేనొక్కదాన్నేనండి, పెళ్ళి కాలేదు, బొబ్బిలి పిల్లని. మీరూ వద్దనేటట్టయితే ఇప్పుడే అనేయండి, ఎండలో నిలబెట్టకండి!”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి పకపకా నవ్వారు.

“ఏందమ్మా, గేటు కాడనే కొట్లాట షురూ జేసినవ్? అందరితోని నన్నెందుకు కలుపుతవ్? నీ సంగతి చెప్పు. నీ పేరేంది? లోపటికి రా, మంచినీళ్ళు తాగు.”

మేడమీది గది అలా దొరికింది.

ఆమెకు కంప్యూటర్ అంటే చెప్పలేనంత మోజు. సర్వీసంతా టైపు మిషన్ మీద వేళ్ళు అరగదీసుకున్నారు కదా, తప్పు కొడితే కాగితం చింపకుండా చెరిపేసుకోవచ్చన్న ఒక్క ముక్కకే దానికి దాసోహమయ్యారు. ఆ రోజుల్లో కంప్యూటర్ పత్రికలతో పాటు ఉచితంగా సీడీలు ఇచ్చేవారు. జాతకం చెప్పేది, పియానో వాయించేది, తెర నిండా చేపలు ఈదించేది, అన్నీ ఎక్కించి చూసేవారు. నాలుగు రోజులకు కంప్యూటర్ ఆయాసపడేది. అప్పుడు కొంగు దోపుకుని తీసేయడానికి కూర్చునేవారు. నిజం చెప్పాలంటే, ఎక్కించడంలో కన్నా తీసేయడంలోనే ఆమెకు సరదా ఎక్కువ.

ఒక సాఫ్ట్‌వేర్‌ను తీసేస్తుంటే విండోస్ మధ్యలో ఆగి అడుగుతుంది: ఈ ఫైలును ఇంకెవరైనా కూడా వాడుకుంటూ ఉండవచ్చు, తీసేయమంటారా అని. కింద మీటలు ఉంటాయి. ‘యెస్’, ‘నో’, వాటి పక్కనే ‘యెస్ టు ఆల్’. అంటే ఒక్క నొక్కుతో అన్నీ పోతాయి, మళ్ళీ అడగదు. కొత్తలో ఒకసారి ఆమె విసుగెత్తి ఆ మీట నొక్కేశారట. జాతకంతో పాటు కంప్యూటర్ గొంతు కూడా పోయింది, ప్రింటరు మొండికేసింది. “ఒక్క వేలు ఆనిచ్చినందుకు నెలంత మూగదాని తోని కాపురం జేసిన బిడ్డా,” అని చెప్పి చెప్పి నవ్వేవారు. ఆ దెబ్బ తర్వాత మళ్ళీ ఎన్నడూ ఆ మీట జోలికి పోలేదు.

రిజిస్ట్రీ అంటే ఏమిటో నాకు చెప్పింది కూడా ఆమే. కంప్యూటర్‌లోకి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా విండోస్ లోపల రిజిస్ట్రీ అనే చోట తన పేరు, తన అలవాట్లు రాయించుకుంటుంది. దాన్ని తీసేసినా ఆ రాతలు కొన్ని మిగిలిపోతాయి. “కిరాయికున్నోళ్ళు ఖాళీ జేసి పోయిండ్రు. గని గోడకు మేకులు గట్లనే ఉన్నయ్. పోస్టుమ్యాను ఇంక వాళ్ళ ఉత్తరాలే తెస్తుండు. గదీ రిజిస్ట్రీ అంటే.” ఇల్లు అద్దెకిచ్చే మనిషికి అది ఇంతకన్నా బాగా ఇంకెలా అర్థమవుతుంది?

ఇక నా సంగతి. డాక్టర్లు చెప్పిన మాటలు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగానికి అప్పట్లో మంచి గిరాకీ. బేగంపేటలో ఒక కంపెనీ నన్ను ఇంటి దగ్గర కొన్ని ఫైళ్ళు చేసి చూపించమంది. సోమవారం పొద్దున అవి అందితే ఉద్యోగం, లేకపోతే లేదు. నాన్నకు నేనే మాటిచ్చాను, ఇదే ఆఖరి ప్రయత్నమని, కాకపోతే బొబ్బిలి వచ్చేస్తానని. కంపెనీ మనిషి వచ్చి, నేను కొనుక్కున్న పాత కంప్యూటర్‌లో వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఎక్కించి, మాటల్ని ఆపడానికీ నడపడానికీ కాలి కింద పెడల్ బిగించి, సీడీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ పెడల్ చూసి ఓనరాంటీ మురిసిపోయారు. “కుట్టుమిషన్ లెక్కనే ఉన్నదే!” అని తానే కూర్చుని డాక్టర్ని ఆపుతూ, మాట్లాడిస్తూ ఆడుకున్నారు.

ఆ కంప్యూటర్ అంతకుముందు పెళ్ళి కార్డులు అచ్చువేసే దుకాణంలో ఉండేది. అందులో వాళ్ళ తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ మిగిలిపోయింది. తెర కింద మూలన, గడియారం పక్కన, పసుపుపచ్చని చిన్న ‘అ’ ఉండేది. చూడ్డానికి ముద్దుగానే ఉండేది కానీ, ఆదివారం పొద్దున దాని అసలు రంగు బయటపడింది. నేను ఇంగ్లీషులో టైపు చేస్తుంటే ఉన్నట్టుండి కీబోర్డు తెలుగులోకి దూకేది. రోగి గుండె వివరాలు రాసిన చోట అర్థంలేని ఒత్తులూ గుడులూ బారులు తీరాయి. చెరిపి మళ్ళీ కొడితే మళ్ళీ అదే. పట్టలేక బల్ల మీద గుద్దాను.

ఆ చప్పుడుకు ఓనరాంటీ పైకొచ్చారు. ఆమె వెనకే ఎదురింటి అంకుల్. కంప్యూటర్‌కు ఏం జబ్బు చేసినా ఆయన దగ్గర ఒకటే మందు.

“ఫార్మాట్ కొట్టెయ్యమ్మా. పీడా పోతది.”

“మొత్తం తుడిచేస్తే కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది కదండీ! సీడీ వాళ్ళ దగ్గరుంది, ఈరోజు ఆదివారం. నేనేటి చేసేది?” అన్నాను, ఏడుపు గొంతుతో.

“ఎవలు తుడుస్తరు మొత్తం?” అన్నారు ఓనరాంటీ. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. నా కొంప మునుగుతుంటే ఆమెకు పండగొచ్చినట్టు ఉంది. “జరుగు బిడ్డా. ముందుగాల కాపీ తీస్తం. తర్వాతనే కోత.”

రిజిస్ట్రీ మొత్తాన్నీ కాపీ తీసి దాచారు. తర్వాత తెలుగు సాఫ్ట్‌వేర్‌ను మామూలు దారిలోనే తీసేయమని ఆజ్ఞాపించారు. విండోస్ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒక్కో ఫైలు పేరూ ఆమె బడిపిల్లలకు హాజరు వేసినట్టు గట్టిగా చదివారు. ఆ తెలుగు సాఫ్ట్‌వేర్‌దేనని తెలిసినదైతే ‘యెస్’, తెలియనిదైతే ‘నో’. అయ్యాక రీస్టార్ట్. ఆ సమయంలో ఆమెకొక నియమం ఉంది. కంప్యూటర్ మళ్ళీ లేచేదాకా ఎవరూ దేన్నీ ముట్టకూడదు, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ముగ్గురం అలాగే కూర్చున్నాం. తెర వెలిగింది. గడియారం పక్కన పసుపుపచ్చ ‘అ’ కూడా వెలిగింది.

“మొండిది!” అన్నారామె మెచ్చుకోలుగా.

ఇక రిజిస్ట్రీలోకి దిగాం. ఆ సాఫ్ట్‌వేర్ పేరు కొట్టి వెతికితే, ఎక్కడెక్కడో దాని రాతలు. ఒకటి తీస్తే ఇంకొకటి. ఆమెకు ఊపొచ్చింది. అంకుల్ పక్క నుంచి “గదిగో ఇంకోటి, పట్టు, పట్టు!” అని క్రికెట్ మ్యాచిలా అరుస్తున్నారు. కీబోర్డుకు సంబంధించిన వరస రాగానే, ఆ ఊపులో ఆమె వరస మొత్తాన్నీ ఒకేసారి ఎంచి తీసేశారు. రీస్టార్ట్. ‘అ’ లేదు! అంకుల్ చప్పట్లు కొట్టారు. నేను గంతేసి కుర్చీలో కూర్చుని పెడల్ నొక్కాను.

డాక్టరు పలకలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ. పెడల్ కూడా ఒక రకంగా కీబోర్డు లాంటిదే, దాని రాత కూడా ఆ వరసలోనే ఉంది. దాన్నీ ఊడ్చేశాం.

“అయిపోయిందండీ ఆంటీ. ఇంక నేను బొబ్బిలి బండెక్కడమే,” అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్టేషన్ వైపు నుంచి అప్పుడే రైలు కూత వినబడింది, నా కోసమే వేసినట్టు.

ఓనరాంటీ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత నా భుజం పట్టి తనవైపు తిప్పుకున్నారు. “తప్పు నాది. జోష్‌ల వడి మొత్తం ఒక్కసారి గుంజిన. గని కాపీ ఎందుకు తీసినం బిడ్డా? గీ దినం కోసమే గదా! పరేషాన్ గాకు.”

దాచిన కాపీని తెరవగానే, తీసేసిన రాతలన్నీ వెనక్కి వచ్చాయి. రీస్టార్ట్ అయ్యాక పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడాడు. గడియారం పక్కన ‘అ’ కూడా తిరిగొచ్చి నిక్షేపంగా కూర్చుంది. దాన్ని చూసి ముగ్గురం నవ్వాం, అదేదో చుట్టం వచ్చినట్టు.

“ఇప్పుడు నువ్వు కూసో,” అని ఆమె లేచి నాకు కుర్చీ ఇచ్చారు. “ఒక్కొక్కదాన్ని పేరు వెట్టి పిలువాలె. ఎవలిదో ఎరుకైతెనే తీయాలె.”

ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఒక రాత తీయడం, రీస్టార్ట్ చేయడం, చేతులు ఒళ్ళో పెట్టుకోవడం, పెడల్ నొక్కి చూడడం. పెడల్ పలికితే ముందుకు, పలకకపోతే ఆ రాతను వెనక్కి తెచ్చుకోవడం. మధ్యలో ఆమె కిందికి వెళ్ళి సర్వపిండి కాల్చి తెచ్చారు. అంకుల్ రెండుసార్లు ఇంటికి వెళ్ళి, ఉండబట్టలేక మళ్ళీ వచ్చారు. సాయంత్రం ఎండ కిటికీ దాటేవేళకు, ఒక రాత తీసి రీస్టార్ట్ చేస్తే, తెర మూలన గడియారం ఒక్కటే మిగిలింది. పెడల్ నొక్కాను. డాక్టరు ‘గుడ్ మార్నింగ్’ అన్నాడు.

మేము పెట్టిన కేకలకు వీధిలో కుక్కలు మొరిగాయి. ఓనరాంటీ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేశారు. ఫైళ్ళు వేళకు అందాయి. ఉద్యోగం వచ్చింది. నాన్నకు ఫోన్ చేసి చెబుతుంటే, పక్కన నిలబడి ఆమే మధ్యలో రిసీవర్ లాక్కున్నారు. “మీ బిడ్డ ఇగ రాదు సార్, మాకాడనే ఉంటది!”

తర్వాత వారంలో ఆమె ఆ పెళ్ళి కార్డుల దుకాణం ఆయన్ను వెతికి పట్టుకుని, ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ సీడీ అడిగి తెచ్చుకున్నారు. “నీ దుష్మన్ నాతాన కిరాయికి దిగిండు,” అని నాకు చూపించి ఒకటే నవ్వు. దాంతోనే టైపు చేసి గేటుకు అట్ట తగిలించారు: ‘గది అద్దెకు ఇవ్వబడును. ఎవరైనా సరే, వచ్చి మాట్లాడండి.’

ఆ అట్ట చూసి ఎందరో వచ్చారు. కొందరికి ఆమె ఇవ్వలేదు కూడా. కానీ ఎవరినీ మాట్లాడకుండా గేటు దగ్గర నుంచి పంపలేదు. నేను ఇవాళ కొత్తపిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకునే చోట కూర్చుంటున్నాను. ‘ఆ కాలేజీవాళ్ళు వద్దు, ఆ ఊరివాళ్ళు వద్దు’ అని పక్కవాళ్ళు మొదలుపెట్టగానే నాకు గేటు దగ్గరి ఎండ గుర్తొస్తుంది. పేరు అడగండి ముందు, అంటాను.

పదకొండో రోజు అయ్యాక ఆంటీ కూతురు రమ్మంది. బోయిగూడలో వాళ్ళింటికి అమ్మ కంప్యూటర్ తీసుకుపోతుందట. “పిల్లగాడు ఆడుకుంటడు అక్కా. అమ్మ ఎక్కించినయన్ని ఒక్కసారే తీసెయ్యి. జెల్ది అయితది.”

కూర్చున్నాను. ముందు కాపీ తీశాను. జాతకం తీశాను, పియానో తీశాను. విండోస్ ఎప్పటిలా ఆగి అడిగింది. ‘యెస్ టు ఆల్’ మీట అక్కడే ఉంది. నేను ఫైలు పేరు గట్టిగా చదివాను. తర్వాతిది కూడా. ఆంటీ కూతురు ముందు వింతగా చూసింది. కాసేపటికి తానే పక్కకు కుర్చీ లాక్కుని, తర్వాతి పేరు నాకన్నా ముందే చదివింది. అచ్చం వాళ్ళమ్మ గొంతు.

జాబితాలో తెలుగు సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగింది.

“ఇదేందక్కా?”

“కిరాయిదారు,” అన్నాను. “ఉండనీ.”

రీస్టార్ట్ చేశాం. తెర నల్లబడింది. పక్కకు చూస్తే, ఎవరూ చెప్పకుండానే ఆంటీ కూతురు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నావీ అలాగే ఉన్నాయి. కాసేపటికి తెర వెలిగింది. మూలన గడియారం వచ్చింది, దాని పక్కన పసుపుపచ్చని చిన్న ‘అ’ వచ్చింది.